ఏడో ప్యానెల్‌లో పడని జెండా

రాత్రి పన్నెండు దాటాక ఆ సబ్‌స్టేషన్‌లో ఏడో ప్యానెల్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్న మొనగాడు తొమ్మిదేళ్లుగా లేడు. కుర్చీ ఒకటో ప్యానెల్ దగ్గర వేస్తారు, మూడో ప్యానెల్ దగ్గర వేస్తారు, గాలి రాకపోయినా సరే తలుపు మూలకి లాక్కుని కూర్చుంటారు. ఏడో ప్యానెల్ దగ్గర మాత్రం వెయ్యరు.

ఎందుకంటే అక్కడ పాత ఫోర్‌మన్ ఉంటాడు.

ఉంటాడంటే... ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అయినా ఉంటాడనే చెప్పుకుంటారు.

ఈ సంగతి నాకు ముగ్గురు చెప్పారు. అక్కడ షిఫ్టు ఆపరేటరుగా పనిచేసే మా బావ చెప్పాడు, రిలేలు పరీక్ష చేసే మేడమ్ చెప్పింది, మా అక్క చెప్పింది. బావ చెప్పినదాంట్లో సగం తీసేసి, మేడమ్ చెప్పింది ఉన్నదున్నట్టు ఉంచి, అక్క చెప్పింది వెనక కలిపాను. నేను దర్జీని. అతుకులు కనపడకుండా కుట్టడం నాకు అలవాటే.

ముందు ఆ ప్యానెల్ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే దెయ్యం అర్థం కాదు.

కంట్రోల్ రూమ్‌లోకి వెళితే ఇనప బీరువాలు వరసగా నిలబెట్టినట్టు ఉంటుంది. ఒక్కో బీరువా ఒక ప్యానెల్. ఒక్కో ప్యానెల్ నుంచి ఒక కరెంటు లైను బయటికి పోతుంది. ఆ లైనుకి కాపలా కాసేది రిలే. ఎక్కడో చెట్టుకొమ్మ తీగకి తగిలినా, తీగ తెగి నేలమీద పడినా రిలే రెప్పపాటులో పసిగట్టి లైను ఆపేయిస్తుంది. ఎవరినీ అడగదు. దాన్నే వాళ్లు ట్రిప్ అయిందంటారు. వెంటనే హూటర్ మోగుతుంది. రిలే అద్దం వెనక చిన్న ఎర్రరేకు ఒకటి టప్పున కిందికి జారుతుంది.

ఆ రేకే జెండా. 'ఈ లైను ఆపించింది నేనే, ఫలానా కారణానికి ఆపించాను' అని రిలే ఇచ్చే వాంగ్మూలం అన్నమాట. ఆపరేటరు ఆ జెండా చూడాలి, లాగ్‌బుక్‌లో రాయాలి, ఆ తర్వాతే అద్దం కింద ఉన్న బొడిపె నొక్కి జెండాని పైకి లేపాలి. రాయకుండా లేపితే సాక్ష్యం చెరిపేసినట్టే.

పాత ఫోర్‌మన్‌కి పడి ఉన్న జెండా కనిపిస్తే అన్నం సయించేది కాదట. "రాశావా? రాస్తే ఇంకా లేపవేం?" అని వెంటపడేవాడట. మా బావకి పని నేర్పింది ఆయనే. వేళ్ల మీద స్కేలుతో కొట్టి మరీ నేర్పాడు. ముందు చూడు, తర్వాత రాయి, ఆ తర్వాతే చెయ్యి పెట్టు.

ఒకరోజు రాత్రి డ్యూటీలో ఆయన, ఏడో ప్యానెల్ ముందు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున్న షిఫ్టువాళ్లు వచ్చి చూస్తే ఏడో ప్యానెల్‌లో జెండా పడి ఉంది. పాపం, దాన్ని లేపకుండానే వెళ్లిపోయాడు.

అప్పటినుంచీ... వచ్చి లేపుతున్నాడని పుకారు.

ఏడో లైను ట్రిప్ అవుతుంది. హూటర్ మోగుతుంది. ఆపరేటరు తలెత్తి చూసేసరికి — జెండా ఉండదు.

మిగతా ప్యానెళ్లలో ఈ బెడద లేదు. వాటికి కొత్తరకం రిలేలు పెట్టారు. అవి ఏం జరిగినా టైముతో సహా తెరమీద రాసిపెట్టుకుంటాయి, దెయ్యాలకి వాటితో పని లేదు. ఏడోదానికి మాత్రం ఆ పాత అద్దం రిలేనే ఇంకా ఉంది.

మొన్న వానలు మొదలయ్యాక మా బావకి ఈ అనుభవం ఒకే నెలలో నాలుగుసార్లు అయింది. మిగతా ముగ్గురు ఆపరేటర్ల షిఫ్టుల్లో కూడా ఏడో లైను రెండు మూడుసార్లు ట్రిప్ అయింది. అవి గాలికి తీగలు ఒకదానికొకటి తగిలి ఆగినవి, వాళ్లకి మాత్రం జెండా బుద్ధిగా పడే ఉంది. వాళ్లు రాసుకున్నారు, లేపారు, ఇంటికెళ్లారు. మాయం కావడమల్లా మా బావ షిఫ్టులోనే.

"దెయ్యానికి కూడా నువ్వంటే అలుసే బావా" అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సంగతి నవ్వులాటతో పోలేదు. ఆ డివిజన్ అంతటికీ అధికారి ఒకాయన ఉన్నాడు, అందరూ పెద్దసారు అంటారు. ఆయన మా బావకి ఒక కాగితం పంపాడు. రిలే ఆపిస్తే జెండా పడాలి. జెండా పడలేదని నువ్వే రాశావు కాబట్టి రిలే ఆపించలేదు. రిలే ఆపించకుండా లైను ఆగిందంటే ఎవరో చేత్తో స్విచ్ తిప్పారన్నమాట. రాత్రి ఆ గదిలో ఉండేది నువ్వొక్కడివే. ఇంకొక్కసారి ఇలా జరిగితే సస్పెండ్ చేసి విచారణ జరిపిస్తాం... ఇదీ దాని సారాంశం.

ఇరవై ఆరేళ్ల సర్వీసులో మా బావ రాసిన లాగ్‌బుక్‌లో ఒక్క కొట్టివేత లేదు. ఈ మాట ఆయన చెప్పని చుట్టం లేడు. పరామర్శకి వెళ్లిన చోట కూడా చెప్తాడు. ఆ మనిషి ఆ కాగితం జేబులో పెట్టుకుని మా కొట్టుకి వచ్చి, కుట్టుమిషను పక్కన ముక్కాలిపీట మీద కూలబడి, "నన్ను దొంగని చేశార్రా" అన్నాడు.

నాకూ చాలా బాధేసింది. బావని ఆటపట్టించడం నా హక్కు. ఊళ్లోవాళ్లు వేలెత్తి చూపిస్తే మాత్రం ఊరుకోలేను.

"ఇప్పుడేం చేద్దాం బావా?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "దెయ్యం ఉందని రుజువు చెయ్యాలి."

ఉద్యోగం నిలబెట్టుకోవడానికి దెయ్యాన్ని సాక్ష్యానికి పిలవాల్సి వచ్చింది మా బావకి. అదీ పరిస్థితి.

మర్నాడు రిలేలు పరీక్ష చేసే మేడమ్ వచ్చింది. చిన్న వయసు, పెద్ద పెట్టె. ఆ పెట్టెలోంచి దొంగ కరెంటు పంపి రిలేని మోసం చేస్తారట. నిజంగా లైనులో తప్పు జరిగిందనుకుని అది పనిచేస్తుంది. యాభైసార్లు మోసం చేసింది మేడమ్. యాభైసార్లూ జెండా టప్పున పడింది.

"రిలే భేషుగ్గా ఉంది. ఇది అబద్ధం చెప్పదు ఆపరేటర్ గారూ."

"అంటే... నేను చెప్తున్నాననా మేడమ్?"

మేడమ్ బావ ముఖం చూసింది. అప్పుడు బావ ఫోర్‌మన్ సంగతంతా చెప్పాడు, స్కేలుతో సహా. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"ఇదివరకు కూడా రాత్రిపూట మీరొక్కరేనా?"

"లేదు మేడమ్. రెండు నెలల కిందటిదాకా ఇద్దరం ఉండేవాళ్లం. రెండోవాడు హూటర్ ఆపేవాడు, నేను జెండా చూసేవాణ్ణి. వాణ్ణి వేరే చోటికి వేశారు."

"సరే. ఈ రాత్రి నేనుంటాను. మీరు రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి. నేను ఇక్కడ లేనే లేననుకోండి."

మొదటి రాత్రి ఏమీ జరగలేదు. రెండో రాత్రీ జరగలేదు. మూడో రాత్రి సన్నగా తుంపర మొదలైంది.

కంట్రోల్ రూమ్ పక్కన బ్యాటరీలు పెట్టే చిన్న గది ఉంది. మేడమ్ అందులో దీపం ఆర్పేసి, తలుపు జానెడు తెరిచి ఉంచి, స్టూలు మీద కూర్చుంది. అక్కడి నుంచి ఏడో ప్యానెల్ ఎదురుగా కనిపిస్తుంది. బావ మామూలుగానే తన కుర్చీ గుమ్మం మూలకి లాక్కున్నాడు. రాత్రిళ్లు చలి అని అక్క అల్లి ఇచ్చిన నీలం స్వెట్టరు తొడుక్కున్నాడు. చెప్పులు కుర్చీ కింద వదిలి కాళ్లు పైకి ముడుచుకున్నాడు. నిద్రపోలేదట. కళ్లు మూసుకున్నాడంతే. ఇది ఆయన మాట, నేను దీంట్లో సగం కూడా తీసెయ్యడం లేదు.

పన్నెండయింది... ఒంటిగంటయింది...

బయట ట్రాన్స్‌ఫార్మర్ల మోత ఒక్కటే వినిపిస్తోంది. ఎడతెగని ఆ హుమ్మ్ అనే చప్పుడు కాసేపటికి చెవికి ఆనదు. వినిపించకపోతేనే మనిషి ఉలిక్కిపడతాడు.

రెండూ పది...

రెండూ పద్నాలుగు —

హూటర్!

బావ వెళ్లి ఏడో ప్యానెల్ ముందు నిలబడ్డాడు. ఎర్రదీపం వెలుగుతోంది. లైను ఆగిపోయింది. అద్దం వంక చూశాడు.

జెండా లేదు.

"మేడమ్!" అని కేక పెట్టాడు. ఆ కేక బయట గేటు దగ్గర కాపలావాడికి కూడా వినిపించింది. వాడు లోపలికి రాకుండా గేటు ఇంకా గట్టిగా వేసుకున్నాడు.

బ్యాటరీల గది తలుపు మెల్లిగా తెరుచుకుంది. మేడమ్ బయటికొచ్చింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"చూశారా మేడమ్? చూశారా? లేదు! జెండా పడలేదు!"

"పడింది" అంది మేడమ్.

"ఆఁ?"

"పడింది. నా కళ్లారా చూశాను. ఎర్రగా... పడింది."

"మరి —"

"ఎవరో వచ్చి లేపారు."

ఇన్నాళ్లూ బావ దెయ్యం ఉందని రుజువైతే చాలనుకున్నాడు కానీ, నిజంగా రుజువైతే ఎలా ఉంటుందో ఆలోచించుకోలేదు.

"ఎ... ఎవరు మేడమ్?"

మేడమ్ గుసగుసగా చెప్పింది. "గుమ్మం వైపు నుంచి వచ్చాడు. తొందరేమీ లేదు... కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చాడు. కళ్లు మూసుకునే ఉన్నాయి."

"ఫోర్‌మన్ గారే! చివరి రోజుల్లో ఆయనకి కాళ్లు లాగేవి మేడమ్..."

"చెయ్యి పైకెత్తి, అద్దం పైనున్న మీట నొక్కి హూటర్ ఆపాడు. ఆ చెయ్యి అలాగే కిందికి జారింది. జారుతూ జారుతూ బొడిపె నొక్కింది. జెండా లేచిపోయింది."

"నాకు పని నేర్పిన మనిషి... నామీద ఇంత కోపమేంటి మేడమ్? మనిషి ఎలా ఉన్నాడు? తెల్ల చొక్కానా?"

"కాదు" అంది మేడమ్. "నీలం స్వెట్టరు."

బావ నోరు తెరిచాడు.

"ఎడమకాలికి చెప్పుంది" అంది మేడమ్ మరింత మెల్లిగా. "కుడికాలికి లేదు."

బావ కిందికి చూశాడు. కుడికాలు చల్లటి గచ్చు మీద బోసిగా ఉంది. దాని చెప్పు అక్కడ, గుమ్మం దగ్గర, కుర్చీ కింద బోర్లా పడి ఉంది.

బావకి రోషం పొడుచుకొచ్చింది. ఒట్టు మేడమ్ అన్నాడు, హూటర్ మోగినప్పుడు మెలకువగానే ఉన్నానన్నాడు, బొడిపె మీద చెయ్యి వేస్తే నాకు తెలియదా అన్నాడు. ఆయన అబద్ధం ఆడడం లేదు. నిజంగానే తెలియదు. ఆ సంగతి మేడమ్‌కి కూడా అర్థమైంది.

"ఇంట్లో ఎప్పుడైనా నిద్రలో నడిచారా?"

"ఛ ఛ! నేనా?"

"ఒకసారి మీ ఆవిడని అడుగుదామా?"

ముందు ఏడో లైను మళ్లీ కలిపారు. ట్రిప్ అవకుండా నిలబడింది. అప్పుడు ఆ అర్ధరాత్రి మా అక్కకి ఫోన్ వెళ్లింది. రెండున్నరకి మొగుడి నంబరు చూసి అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. "ఏమైందండీ? షాక్ కొట్టిందా?" అని ఏడుపు మొదలెట్టింది. మేడమ్ ఫోన్ తీసుకుని, ఏమీ కాలేదని నచ్చజెప్పి, అడగాల్సింది అడిగింది.

"నడవడం సంగతి నాకు తెలియదమ్మా" అంది అక్క ముక్కు తుడుచుకుంటూ. "పొద్దున్నే అలారం మాత్రం రోజూ ఆయనే ఆపేస్తారు. కళ్లు తెరవకుండా చెయ్యి చాపి, టప్పున నొక్కి, మళ్లీ అటు తిరిగి పడుకుంటారు. లేచాక 'అలారం ఎందుకు మోగలేదు, నువ్వు పెట్టడం మర్చిపోయావు' అని నామీద ఎగురుతారు. ఇరవై రెండేళ్లుగా ఇదే గోల. మీరే ఆపారండీ అంటే నమ్మితేనా? గడియారం పాడైందని మూడు గడియారాలు మార్చారు."

ఆ మూడింట్లో ఒకటి నేను కొనిచ్చిందే. నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ఫోన్ స్పీకర్లోంచి అక్క గొంతు ఆ గదంతా ఖంగున వినిపించింది. "ఇంతకీ ఎందుకమ్మా అడుగుతున్నావు? అక్కడ కూడా ఏమైనా ఆపేశారా?"

బావ చెప్పు కోసం కుర్చీ కిందికి వంగాడు.

ఫోన్ పెట్టేశాక మేడమ్ లాగ్‌బుక్ ఆయన ముందుకి జరిపింది. ఆవిడది మంచి మనసు. "ఎర్త్ జెండా పడింది. అంటే లైను ఎక్కడో నేలకి తగులుతోంది. రెండూ పద్నాలుగుకి ఎర్త్ జెండా పడిందని రాసెయ్యండి. ఎవరు లేపారన్నది నేను ఎక్కడా చెప్పను. మీ ఉద్యోగానికి ఏమీ కాదు."

బావ పెన్ను తీశాడు. మూత తీసి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"వెనకటి నాలుగు ఏం చెయ్యాలి మేడమ్?"

"ఏ నాలుగు?"

"జెండా పడలేదని నాలుగుసార్లు రాశాను. నా చేత్తో. అవన్నీ అబద్ధాలే కదా."

బావ ఏ పేజీకీ వెనక్కి వెళ్లలేదు, ఏదీ కొట్టెయ్యలేదు. ఆ రాత్రి పేజీలోనే, గుండ్రటి అక్షరాలతో రాశాడు. 'రెండు గంటల పద్నాలుగు నిమిషాలకి ఏడో లైను ట్రిప్ అయింది. ఎర్త్ జెండా పడింది. రాయకుండా నేనే లేపేశాను. ఈ నెలలో వెనక నాలుగుసార్లు జెండా పడలేదని రాసింది తప్పు. పడే ఉంటుంది. నా చెయ్యే లేపి ఉంటుంది. నాకు తెలియలేదు.' కింద సంతకం పెట్టాడు. సంతకం పెట్టేటప్పుడు ఏడుపొచ్చిందని నాతో చెప్పాడు. దీంట్లో కూడా నేను సగం తియ్యలేదు.

తెల్లారగానే లైనుమెన్ ఏడో లైను వెంబడి స్తంభం స్తంభం చూసుకుంటూ పోయారు. ఎర్త్ అని తెలిస్తే ఏం వెతకాలో వాళ్లకి తెలుసు. నీళ్ల పంపుహౌస్ దగ్గర ఒక స్తంభం మీద తీగని మోసే పింగాణీ గిన్నె చీలి ఉంది. తడిసినప్పుడల్లా దాని మీదుగా కరెంటు స్తంభంలోకి దిగుతోంది. పంపు నడిపే అతను రోజూ తన సైకిల్‌ని ఆ స్తంభానికే ఆనిస్తాడట. ఆ మాట వినగానే బావ తన వేళ్ల వంక చూసుకున్నాడు. ఫోర్‌మన్ తన వేళ్ల మీద ఎందుకు అన్నిసార్లు కొట్టాడో ఆయనకి ఇరవై ఆరేళ్ల తర్వాత అర్థమైంది.

మధ్యాహ్నం పెద్దసారు స్వయంగా వచ్చాడు.

బావ గోడ వారగా నిలబడ్డాడు. సస్పెన్షన్ కాగితం ఏ జేబులో ఉందా అని సారు జేబుల వంకే చూస్తున్నాడు. సారు లాగ్‌బుక్ తెరిచి ఆ పేజీ ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత లేచి వెళ్లి, గది తలుపు వేసి గడియ పెట్టాడు.

"ఏమయ్యా... నేను చెప్పేది ఈ గది దాటకూడదు."

"దాటదు సార్" అన్నాడు బావ. అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు పాపం. అక్క కూడా నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"కొత్తలో నేనూ ఇక్కడే ఒంటరిగా రాత్రి షిఫ్టులు చేశాను. ఫోర్‌మన్ పోయిన ఏడాదే. ఇదే ప్యానెల్... ఆరుసార్లు జెండా లేదని రాశాను. భయమేసి, ఆయనే వస్తున్నాడని మొట్టమొదట అన్నది నేనేనయ్యా."

బావ గోడని వదిలి ఒక అడుగు ముందుకొచ్చాడు.

"నీ కాగితం మీద సంతకం చేసేటప్పుడే ఆయన మళ్లీ వచ్చాడని నాకు లోపల తెలుసు. ఆఫీసు కాగితం మీద దెయ్యమని ఎలా రాయను చెప్పు? అందుకని నీమీద రాశాను." సారు జేబులోంచి ఒక కాగితం తీసి నాలుగు ముక్కలుగా చింపేశాడు. "దీన్ని మర్చిపో. రాత్రి షిఫ్టుకి రెండో మనిషిని మళ్లీ వేయిస్తాను."

బావ దణ్ణం పెట్టబోయాడు. సారు చూడలేదు. ఆయన ఏడో ప్యానెల్ అద్దం వంకే చూస్తున్నాడు.

"ఆ... అలారం సంగతి. మేడమ్ చెప్పింది. నిజమేనా?"

"నిజమే అంటోంది సార్ మా ఆవిడ."

సారు ఇంటికి ఫోన్ కలిపి, ఓ మూలకి వెళ్లి, గోడవైపు తిరిగి, ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు.

"నేనే... లేదు లేదు, ఏమీ కాలేదు. పొద్దున్న నీమీద అరిచాను చూడు, అలారం పెట్టలేదని..."

అవతలివైపు ఏమన్నారో బావకి వినిపించలేదు.

"ఆఁ... పెట్టే ఉంటావులే" అన్నాడు పెద్దసారు.